మిర్చి యార్డుకు ఓపెన్ సోర్స్ బయాలజీతో ఏం పని?

జన్యువుకు రేటు కడితే ఎలా ఉంటుందో గుంటూరు పత్తి రైతుకు ఎప్పుడో తెలుసు. 2002లో, కాయతొలిచే పురుగును తట్టుకునే జన్యువు చేర్చిన బీటీ పత్తి వచ్చింది. 450 గ్రాముల ప్యాకెట్ 1,600 రూపాయల పైమాట, అందులో 1,250 దాకా జన్యువు హక్కులున్న కంపెనీ తీసుకునే టెక్నాలజీ ఫీజే. 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య వ్యాపారాలపై ఫిర్యాదులు వినే ఎంఆర్‌టీపీ కమిషన్ దాకా వెళ్లి కొట్లాడాక ధర 750కి దిగింది. నిజానికి ఆ జన్యువు మట్టిలో ఉండే ఒక బ్యాక్టీరియాది. తగాదా అంతా అది ఎవరి గుప్పిట్లో ఉందన్న దానిపైనే.

జన్యువులను విడిభాగాల్లా కూర్చి కణం చేత మనకు కావాల్సిన పని చేయించడమే సింథటిక్ బయాలజీ. విజయవాడ ఆటోనగర్‌లో ఒక షాపులో కొన్న బోల్టు ఇంకో షెడ్డులోని లారీకి సరిపోయినట్టు, ఈ భాగాలు కూడా ఒకే కొలతలో అందరికీ దొరకాలని, అదే ఓపెన్ సోర్స్ బయాలజీ అని, కొందరు శాస్త్రవేత్తలు ఇరవై ఏళ్లుగా పట్టుబడుతున్నారు. అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీలో 2003లో ఒక క్లాసుగా మొదలైన ఐజెమ్ అనే విద్యార్థుల పోటీ అలాంటి ఉమ్మడి ఖజానాను పెంచింది. 2006లో ఎడిన్‌బరో విద్యార్థులు నీళ్లలో ఆర్సెనిక్‌ను కనిపెట్టే బ్యాక్టీరియాను రూపొందించింది ఆ పోటీకే.

మనకు దగ్గరి అవసరం మిర్చిలో ఉంది. కల్లంలో కాయ ఆరబోసినప్పుడు వాన పడితే బూజు పట్టి, ఆ బూజు వదిలే అఫ్లటాక్సిన్ అనే విషం చేరుతుంది. యూరప్ దేశాలు కిలోకు 5 మైక్రోగ్రాములకు మించి అఫ్లటాక్సిన్ బి1 ఉంటే సరుకు తీసుకోవు. టెస్ట్ కిట్లు బజార్లో ఉన్నాయి, కానీ వాటి తయారీ గుట్టు, ధర రెండూ కంపెనీలవే. 2014లో అమెరికా పరిశోధకులు మరో దారి చూపారు: కణంలోని యంత్రాంగాన్ని బయటికి తీసి, కాగితంపై ఎండబెట్టి, నీటిచుక్కతో మళ్లీ పనిచేయించి పరీక్షకు వాడారు. అందులో బతికున్న క్రిమి ఉండదు కాబట్టి పొలంలోకి పాకుతుందన్న టెన్షన్ లేదు. ఈ పద్ధతిని మిర్చికి పనికొచ్చేలా మలిచే పని గుంటూరు దగ్గరి వ్యవసాయ పరిశోధన కేంద్రం లాం ఫారమ్, నాగార్జున యూనివర్సిటీ కలిసి ఎత్తుకోవాలి. పక్కనే యార్డు ఉంది, పరీక్షించడానికి కాయకు కొదవ లేదు.

అయితే ఫార్ములా తెరిచి పెట్టినంత మాత్రాన సరుకు చేతికి రాదు. ఇన్సులిన్ తయారీ పద్ధతిని అందరికీ అందుబాటులోకి తేవాలని 2015లో కాలిఫోర్నియాలో మొదలైన ఓపెన్ ఇన్సులిన్ ప్రయత్నమే చూడండి. జన్యువు సంగతి తేలిగ్గానే తెలుస్తుంది, శుద్ధి చేయడం, అనుమతులు తెచ్చుకోవడం దగ్గరే ఏళ్లు పడతాయి. మన కాలేజీ ల్యాబులకు డీఎన్ఏను కోసి అతికించే ఎంజైములే పెద్ద అడ్డంకి. పేటెంట్ గడువు తీరిన ఎంజైములను ఇక్కడే చేసి జిల్లా ల్యాబులకు పంచే ఒక చిన్న యూనిట్‌ను ప్రభుత్వం పెడితే, పదిమంది పీహెచ్‌డీ విద్యార్థులకు ఫెలోషిప్ ఇచ్చిన దానికన్నా ఎక్కువ మేలు జరుగుతుందని నా నమ్మకం.

తెరిచి పెడితే దుర్వినియోగం కాదా అన్న భయం న్యాయమైనదే. డీఎన్ఏ తయారుచేసి అమ్మే కంపెనీలకు వచ్చే ఆర్డర్లను జల్లెడ పట్టడం, ప్రతి సంస్థలో బయోసేఫ్టీ కమిటీ నిజంగా కూర్చుని చూడడం తప్పనిసరి కావాలి. డీఎన్ఏ భాగాన్ని ఎవరైనా వాడుకుని, మార్చుకుని, ఇంకొకరికి ఇచ్చే వీలు కల్పించే ఓపెన్ ఎంటీఏ అనే ల్యాబుల మధ్య ఒప్పందం 2018 నుంచే ఉంది. ప్రజాధనంతో రాష్ట్రం ఇచ్చే ప్రతి పరిశోధన గ్రాంటులో ఆ షరతు ఇప్పుడే చేర్చాలి, మిర్చి పరీక్షకు కాగితపు స్ట్రిప్ తయారయ్యాక కాదు.