పైరు కదిరిలో, పైకం బెళ్లందూరులో

ఆంధ్రలో రైతులకు రాష్ట్రం ఇచ్చే అన్నదాత సుఖీభవ, కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ డబ్బులు పడిన రోజు బెంగళూరు బెళ్లందూరు, మారతహళ్లి అపార్ట్‌మెంట్లలోనూ ఫోన్లు మోగుతాయి. మనవణ్ణి స్కూల్ బస్సు ఎక్కించి వచ్చి లిఫ్ట్ దగ్గర నిలబడ్డ పెద్దాయనకు ఏడు వేలు జమైనట్టు మెసేజ్. పొలం కదిరి పక్కన, గుత్తకి, అంటే కౌలుకి, ఇచ్చి చాలాకాలమైంది. ఆయన్ని తప్పుపట్టను, రూల్ అలా ఉంది. ఆదాయపు పన్ను కట్టేవాళ్లకు పీఎం కిసాన్ రాదు, నిజమే. కానీ ఆ పథకంలో కుటుంబమంటే భార్య, భర్త, మైనర్ పిల్లలే. ఐటీ కంపెనీలో 30 శాతం పన్ను కట్టే కొడుకు లెక్కలోకే రాడు.

తెలంగాణదీ ఇదే దారి. 2018లో రైతుబంధు ఎకరాల పరిమితి లేకుండా మొదలైంది, కౌలు రైతుకు పైసా రాలేదు. రైతు భరోసాగా మారి ఎకరాకు ఏడాదికి 12,000 అయ్యాక కూడా పట్టాదారుకే. సాగు ఖర్చుకని ఇచ్చే డబ్బు సాగు చేసేవాడికి పోకపోతే అది పింఛనే.

ఆంధ్రలో కౌలుదారు కార్డు ఉంది కదా అంటారు. ఉంది. 2011 చట్టం కింద రుణ అర్హత కార్డుకు యజమాని సంతకం అక్కర్లేదు. 2019లో దాన్ని తీసేసి పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చారు. కార్డు గడువు 11 నెలలు, యజమాని సంతకం తప్పనిసరి. ఆ యజమాని ఉండేదేమో బెంగళూరులో. ఫోన్ చేస్తే "పండక్కి వస్తాం కదన్నా, అప్పుడు చూద్దాంలే" అంటాడు. సంక్రాంతికి వచ్చేసరికి శెనక్కాయ పెరికేసి రెండు నెలలై ఉంటుంది. మరీ గట్టిగా అడిగితే వచ్చే ఏడాది గుత్త ఇంకొకరికి పోతుంది. యజమాని హక్కుకు ఢోకా లేదని చట్టంలోనే రాసుంది. మరి భయం దేనికి? గుత్తదారు పేరెక్కితే అదే పాస్‌బుక్ మీద తనకు పంట రుణం రాదేమోనని. సకాలంలో కడితే 4 శాతానికే పడే అప్పు అది. దున్నేవాడు మాత్రం నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి తెచ్చుకుంటాడు, అదీ నెలకి.

కౌలు ఒప్పందాలు నోటిమాటలు, సంతకం లేకుంటే దొంగ కౌలుదారులు పుట్టుకొస్తారన్నది అవతలి వాదన. కొట్టిపారేయలేం. కానీ ప్రభుత్వ పంట నమోదు ఈ-క్రాప్‌లో సర్వే నంబరువారీగా పంటను ఫోటో తీసి నమోదు చేస్తున్నవాళ్లకు, విత్తనం వేసినవాడెవడో ఊళ్లో వాకబు చేస్తే తెలియదా?

నాకు దీనికంటే పెద్ద గొడవ ఒకటుంది. బెంగళూరు జీతగాడికి పొలం ఇప్పుడు బ్యాంకు లాకర్. సాగు ఆదాయానికి పన్ను లేదు, పల్లె పొలం అమ్మితే వచ్చే లాభానికీ లేదు. రైతు కానివాళ్లూ పొలం కొనుక్కోవచ్చని కర్ణాటక 2020లో భూసంస్కరణల చట్టాన్ని సవరించింది. ఇప్పుడు ఎటు చూసినా మేనేజ్డ్ ఫామ్‌ల్యాండ్ (కొన్న పొలాన్ని కంపెనీయే చూసుకునే) ప్రకటనలే, సరిహద్దు దాటితే హిందూపురం, లేపాక్షి. వీకెండ్‌లో మామిడి మొక్క పక్కన సెల్ఫీ దిగేవాళ్లు పెంచిన ధరకు, ఆ నేల మీదే బతికే గుత్తదారు అరెకరం కొనగలడా? కొనలేడు. ఆ లాకర్‌కు పైనుంచి సబ్సిడీ కూడా మనమే వేస్తున్నాం.

వచ్చే ఖరీఫ్ నాటికి కార్డు దరఖాస్తులో ఆ సంతకం గడి తీసేయండి. ఈ-క్రాప్‌లో సాగుదారుగా ఎవరి పేరుంటే వాళ్ల ఖాతాలోనే వేయండి. యజమానికి గుత్త ఎలాగూ ముడుతోంది.