తిండి మానేసిన అమ్మాయిది మొండితనం కాదు

బరంపురం, పర్లాకిమిడి, రాయగడల తెలుగు కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో కొంతకాలంగా ఒక సందేశం తిరుగుతోంది. అనోరెక్సియా, అంటే తిండి మానేస్తూ ప్రమాదకరంగా చిక్కిపోయే మానసిక జబ్బు, పట్నాల్లో డబ్బున్న అమ్మాయిల ఫ్యాషన్ అనీ, ఫోన్లో హీరోయిన్లను చూసి నేర్చుకున్న మొండితనమనీ, తల్లి గారాబమే దానికి మూలమనీ, దగ్గర కూర్చోబెట్టి కడుపునిండా పెడితే నాలుగు రోజుల్లో దారికొస్తారనీ దాని సారాంశం. ఈ మాటలు నమ్మిన ఇంట్లో ఆడపిల్ల ప్రాణం మీదికి వస్తుంది కనుక జవాబు చెప్పక తప్పదు.

ఫ్యాషన్ అన్న మాట చరిత్ర ముందే నిలవదు. లండన్‌లో విలియం గల్, పారిస్‌లో లాసెగ్ అనే వైద్యులు ఈ జబ్బును వేర్వేరుగా వర్ణించింది 1873లో. అప్పటికి సినిమా కూడా పుట్టలేదు. హాంకాంగ్‌లో సింగ్ లీ అనే మనోవైద్యుడు పరిశీలించిన రోగుల్లో చాలామంది లావైపోతామన్న భయం గురించి చెప్పనే లేదు, కడుపు ఉబ్బరంగా ఉందనో ఆకలి లేదనో అన్నారు. మన ఇళ్లలోనూ పిల్ల అదే మాట అంటే నెలల తరబడి గ్యాస్ మాత్రలు మింగిస్తాం.

సమాజపు ఒత్తిడి లేదని నేను అనడం లేదు. ఫిజీ దీవుల్లోని ఒక ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది. బరువు తగ్గడం కోసం వాంతి చేసుకుంటున్నామని చెప్పిన బడి పిల్లలు ఆ ఏడాది ఒక్కరూ లేకపోగా, 1998 నాటికి నూటికి 11 మంది తేలారు. పెళ్లిచూపుల్లో పిల్ల నడుమును కళ్లతోనే కొలిచే మనం ఫోనును మాత్రమే నిందించడం న్యాయం కాదు. అయితే ఆ ఒత్తిడి ఆడపిల్లలందరి మీదా ఉన్నా జబ్బు కొందరికే వస్తోంది. దానికి కారణంలో సగమో, అంతకు మించో వంశపారంపర్యమేనని కవలల మీద జరిగిన పరిశోధనలు సూచిస్తున్నాయి. దాదాపు 17 వేల మంది రోగుల జన్యువులను పరిశీలించిన 2019 నాటి అధ్యయనం, ఈ జబ్బుకు మనసుతోపాటు శరీరం శక్తిని వాడుకునే తీరుతోనూ సంబంధం ఉందని చూపింది.

అన్నిటికన్నా ఎక్కువ హాని చేసేది మొండితనం అన్న ముద్ర. పర్లాకిమిడిలో, ఒడియా ఇరుగుపొరుగుతో కలిసి మార్గశిర లక్ష్మివారాలు చేసుకునే ఒక తెలుగు ఇంట్లో, ఆ ఇంటి అమ్మాయి తెల్లవారకముందే లేచి వాకిట్లో ఝోటి ముగ్గు పెట్టి, కొబ్బరి కోరు బెల్లంలో మగ్గించి, మండా పిఠా వండి అందరికీ కొసరి కొసరి వడ్డించి, "నాకు ఉపవాసం, పిన్నీ" అంటూ ఒక్కటీ నోట పెట్టకపోవడం నేను చూశాను. లక్ష్మివారాలు అయిపోయినా ఆ ఉపవాసం అవలేదు. నెలసరి ఆగింది, చేతుల మీద నూగు మొలిచింది, ఇంట్లోవాళ్లు భక్తి అనుకున్నారు. 1944-45లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలలపాటు అర్ధాకలి తిండి పెట్టినప్పుడు, వాళ్లు కూడా వంటల పుస్తకాలు పోగు చేసుకున్నారు, భోజనాన్ని చాలాసేపు సాగదీశారు, స్నేహితులకు దూరమై దిగులులో పడ్డారు. సన్నబడాలని వాళ్లలో ఎవరూ కోరుకోలేదు, అది ఆకలి మెదడుకు చేసిన పని. అనోరెక్సియాలో దీనికి తోడు, అలవాట్లను నడిపించే మెదడు భాగమే ఏం తినాలో నిర్ణయించడంలోనూ పాలుపంచుకుంటున్నట్టు స్కానింగుల్లో కనిపించింది. అందుకే బతిమాలినా తిట్టినా ఆ చేయి కంచం దగ్గరే ఆగిపోతుంది. పస్తులతో కుంచించుకుపోయిన మెదడు పదార్థం, ఒంటి బరువు పెరిగేకొద్దీ చాలావరకు తిరిగి వస్తుంది.

తల్లి తప్పు అన్నదానికి జవాబు చిన్నది. లండన్‌లోని మాడ్‌స్లీ ఆసుపత్రిలో రూపుదిద్దుకుని, టీనేజీ పిల్లలకు బాగా పనిచేస్తుందని తేలిన చికిత్సలో, బిడ్డకు మళ్లీ తిండి అలవాటు చేసే బాధ్యతను తల్లిదండ్రులకే అప్పగిస్తారు. తప్పంతా వాళ్లదే అయితే ఆ పని వాళ్ల చేతికి ఇవ్వరు.

ఇక కడుపునిండా పెట్టమన్న సలహా ప్రమాదకరం. చాలాకాలం పస్తులున్న శరీరానికి ఒక్కసారిగా అన్నం ఎక్కిస్తే రక్తంలో ఫాస్ఫేట్ అనే లవణం పడిపోయి గుండె ఆగిపోవచ్చు. బాగా చిక్కిపోయిన పిల్లకు రక్తపరీక్షలు చేయిస్తూ, వైద్యుల కనుసన్నల్లోనే తిండి పెంచాలి. మన వైపువాళ్లకు బరంపురం ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. వెంటనే వెళ్లలేనివాళ్లు మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే టెలి మానస్ సహాయవాణి 14416కు ఫోన్ చేసి తెలుగులోనో ఒడియాలోనో మాట్లాడవచ్చు. తగ్గిన బరువు, ఆఖరి నెలసరి తేదీ, కళ్లు తిరిగి పడిపోయిన సందర్భాలు కాగితం మీద రాసి దగ్గర ఉంచుకోండి. స్పృహ తప్పినా, గుండెదడ వచ్చినా ఫోన్ కోసం ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి.