క్రాక్ ఆఫీస్ ఎందుకు తమ్ముడూ?

తిరుపతిలో కొత్త ల్యాప్‌టాప్ కొన్న పిల్లలు చాలామంది మొదట అడిగేది ఇదే: "అన్నా, ఎంఎస్ ఆఫీస్ క్రాక్ వేసిస్తావా?" యూనివర్సిటీ దగ్గర డీటీపీ, జిరాక్స్ అంగడి నడుపుతున్నాను కాబట్టి ఈ మాట వింటూనే ఉంటాను, విన్న ప్రతిసారీ ఒళ్లు మండుతుంది. డబ్బు కట్టకుండా ఆఫీస్ నడవాలని యాంటీవైరస్ ఆపేసి, ఎవరు రాశారో తెలియని ప్రోగ్రామ్‌కి అడ్మిన్ హక్కులిచ్చి నడపడమే క్రాక్ అంటే. ఆధార్ స్కాన్లు, మార్కుల మెమోలు, నెట్ బ్యాంకింగ్ అన్నీ ఆ ల్యాప్‌టాప్‌లోనే ఉంటాయి. ఇంతా చేసి వాళ్లు టైపు చేసేది ఒక ప్రాజెక్టు రిపోర్టు, ఒక రెజ్యూమె.

ఆ పనికి లిబ్రే ఆఫీస్ చాలు. ఇదీ ఎంఎస్ ఆఫీస్ లాంటిదే, 2010లో ఓపెన్ ఆఫీస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నుంచి విడిపోయి వచ్చింది, పూర్తిగా ఉచితం, కావాలంటే మెనూలు తెలుగులో పెట్టుకోవచ్చు. కేరళలో బడి పిల్లలు ఇలాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ మీదే కంప్యూటర్ నేర్చుకుంటున్నారు. మనవాళ్లకు మాత్రం వర్డ్ అంటేనే కంప్యూటర్. సరే, వర్డే కావాలంటారా? మైక్రోసాఫ్ట్ వాళ్లే బ్రౌజర్‌లో ఉచితంగా ఇస్తున్నారు, ఒక అకౌంట్ తెరిస్తే చాలు. కాలేజీ మెయిల్ ఐడీ ఉన్నవాళ్లు దానితో ఆఫీస్ వస్తుందేమో ముందు కాలేజీలో అడగండి.

"లిబ్రేలో తెరిస్తే అలైన్‌మెంట్ పోతోందన్నా" అంటారు. చాలాసార్లు ఆ తప్పు లిబ్రేది కాదు. హెడింగ్‌కి స్టైల్ (ప్రోగ్రామ్‌లోనే ఉండే హెడింగ్ 1, హెడింగ్ 2 లాంటివి) పెట్టకుండా బోల్డ్ చేసి సైజు పెంచుతారు, కొత్త పేజీ కోసం ఎంటర్ కొడుతూ పోతారు, విషయసూచికలో చుక్కలు, పేజీ నంబర్లు చేత్తో టైపు చేస్తారు. అలాంటి ఫైలు వర్డ్ నుంచి వర్డ్‌కి పోయినా చెదురుతుంది. హెడింగ్ స్టైల్ వాడితే విషయసూచిక దానంతటదే వస్తుంది. ముందు పేజీలకు రోమన్ అంకెలు, లోపలి పేజీలకు మామూలు అంకెలు వేయడం లిబ్రే, వర్డ్ రెండింట్లోనూ వస్తుంది. సబ్మిషన్ ముందు రోజు రాత్రి టెన్షన్ పడుతూ వచ్చే పిల్లల్ని చూస్తే బాధేస్తుంది. మూడేళ్ల డిగ్రీలో ఈ ఒక్క ముక్క ఎవరూ నేర్పలేదా అనిపిస్తుంది.

ఎక్సెల్ విషయంలో మాత్రం నా మాట వేరు. చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో, ఆడిటర్ల దగ్గర ఏళ్ల తరబడి రాసుకున్న మ్యాక్రోలు (పనులు వాటంతటవే జరిగేలా రాసే చిన్న ప్రోగ్రామ్‌లు) ఉంటాయి, బయటి డేటాను లాగి సర్దే పవర్ క్వెరీ ఉంటుంది. అవి లిబ్రే ఆఫీస్‌లో ఎక్సెల్ లాంటిదైన కాల్క్‌లో పెడితే ఇబ్బందే. అక్కడ డబ్బు కట్టి ఎక్సెల్ కొనుక్కోవడం న్యాయం. కానీ వరసలు ఎక్కువ పడతాయని ఎక్సెల్ అడగకండి, రెండింట్లోనూ 10,48,576 వరసలే. లక్షలు, కోట్ల దగ్గర కామా పడటం లేదని కూడా మార్చక్కర్లేదు, సెట్టింగుల్లో భాష ఇండియాకి పెడితే సరిపోతుంది. చీటీల లెక్కకు, పాల డబ్బుల లెక్కకు కాల్క్ ఎక్కువే.

నలుగురు కలిసి ఒకే ఫైలు రాయాలంటే గూగుల్ డాక్స్‌ని మించింది నేను చూడలేదు. ఎవరు ఏది చెరిపారో పాత వెర్షన్‌లో కనిపిస్తుంది. క్రోమ్‌లో తెరిచి తెలుగులో చెబితే టైపు కూడా చేస్తుంది, పెద్దవాళ్లకు అదొక వరం. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ జాగాలోనే మెయిలు, ఫొటోలు కూడా నిండుతాయి, ఆ సంగతి గుర్తుపెట్టుకోండి. రేణిగుంటలోనూ ఆఫీసు ఉన్న జోహో వాళ్ల రైటర్ (ఇదీ బ్రౌజర్‌లో టైపు చేసుకునేదే) కూడా శుభ్రంగా ఉంటుంది, ఒకసారి చూడండి.

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది తెలుగు. మా డీటీపీ లైనులో ఇప్పటికీ పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్, అను ఫాంట్లే నడుస్తున్నాయి. పెళ్లి కార్డుకి, పాంప్లెట్‌కి సరే. తెలుగు ఎం.ఏ., పీహెచ్‌డీ పిల్లలు థీసిస్ కూడా అలాగే కొట్టిస్తున్నారు. అను ఫాంట్‌లో పైకి కనిపించేది తెలుగు, కింద ఉన్నది ఇంగ్లిష్ కోడ్. ఆ ఫాంట్ లేని సిస్టమ్‌లో తెరిస్తే పిచ్చి గీతలు వస్తాయి, ఒక పదం వెతకలేం, వాట్సాప్‌లో పేస్ట్ చేయలేం. ఏళ్ల కష్టం ఆ ఒక్క అంగడి కంప్యూటర్‌కి కట్టుబడిపోతుంది. ప్రతి తెలుగు అక్షరానికీ సొంత కోడ్ ఉండే యూనికోడ్‌లో కొట్టించండి. లిబ్రే, వర్డ్, డాక్స్ మూడూ దాన్ని చక్కగా చదువుతాయి. మండలి, సూరన్న, రామభద్ర, గిడుగు లాంటి మంచి ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. మీ డీటీపీ ఆయన రాదంటే ఇంకో అంగడికి వెళ్లండి, రేటు కాస్త ఎక్కువైనా ఫర్వాలేదు.

లెక్చరర్లకు, గైడ్‌లకు ఒక విన్నపం. "వర్డ్ ఫైలే పంపు" అని పట్టుబట్టకండి సార్. లిబ్రే ఆఫీస్ ఫైళ్ల పద్ధతి ఓడీఎఫ్‌కి 2006లోనే ఐఎస్‌ఓ అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది, ఇప్పటి వర్డ్ కూడా దాన్ని తెరుస్తుంది. దిద్దాలంటే ఓడీటీ (ఓడీఎఫ్‌లో రాతకు వాడే ఫైలు) తీసుకోండి, దిద్దనక్కర్లేకపోతే పీడీఎఫ్ తీసుకోండి. మీరు వర్డే అడుగుతున్నంత కాలం ఆ పిల్లలు క్రాక్ కోసం నా దగ్గరికి వస్తూనే ఉంటారు.