స్ట్రిప్ క్లబ్ డ్యాన్సర్ల రాబడి: జీతంతో పోల్చదగిన అంకేనా?

అమెరికాలో స్ట్రిప్ క్లబ్ డ్యాన్సర్లు నర్సులకన్నా, టీచర్లకన్నా, ఒక్కోసారి ఇంజనీర్లకన్నా ఎక్కువ సంపాదిస్తారన్న మాట తరచూ వినిపిస్తుంది. ఒక శనివారం రాత్రి వెయ్యి డాలర్లు వచ్చాయన్న కబురును ఏడాది మొత్తానికి హెచ్చవేసి, దాని పక్కన ఒక టీచరు జీతాన్ని నిలబెట్టి, లోకం తీరు ఇదీ అని నిట్టూర్చడం ఈ పోలికల ఆనవాయితీ. అలాంటి రాత్రులు ఉండవని కాదు. అయితే ఈ పోలికలో ఒకవైపు ఉన్నది జీతం, రెండోవైపు ఉన్నది ఖర్చులు తీయని రాబడి. ఈ రెండూ ఒకటి కాకుండా చూసుకోవడానికి క్లబ్బుల యాజమాన్యాలు ఏళ్ల తరబడి కోర్టుల్లో పోరాడుతున్నాయి కాబట్టి, ఈ తేడాను చిన్నదని కొట్టిపారేయలేం.

ముందుగా అధికారిక లెక్కల సంగతి చూద్దాం. అమెరికా కార్మిక గణాంకాల సంస్థ 2023 మే నాటి అంచనాల ప్రకారం రిజిస్టర్డ్ నర్సుల మధ్యస్థ వార్షిక వేతనం 86,070 డాలర్లు, ప్రాథమిక పాఠశాల టీచర్లది దాదాపు 63,700, సాఫ్ట్‌వేర్ డెవలపర్లది 1,32,270 డాలర్లు. ఇదే సర్వే స్వయం ఉపాధిలో ఉన్నవారిని అసలు లెక్కలోకే తీసుకోదు. క్లబ్ డ్యాన్సర్లలో అత్యధికులు కాగితాల మీద స్వతంత్ర కాంట్రాక్టర్లే కాబట్టి ఆ పట్టికల్లో వారి జాడ ఉండదు. ‘డ్యాన్సర్లు’ అనే వర్గం ఒకటి ఉన్నా, అది ఎక్కడో ఒకచోట ఉద్యోగులుగా నమోదైన నర్తకులకు సంబంధించినది, దానికి కూడా గంట వేతనమే తప్ప వార్షిక అంకె ఇవ్వరు. అందువల్ల చలామణిలో ఉన్న పోలికలన్నీ ఎవరో చెప్పిన ఒక మంచి రాత్రి మీద కట్టినవే.

ఆ రాత్రి ఎలా గడుస్తుందో కాస్త దగ్గరగా చూడాలి. చాలా క్లబ్బుల్లో డ్యాన్సరు లోపలికి రాగానే, అక్కడ పనిచేయనిచ్చినందుకు క్లబ్బుకు కట్టాల్సిన ‘హౌస్ ఫీజు’ బాకీ పడుతుంది. షిఫ్టు ముగిశాక డీజేకు, బౌన్సర్‌కు, మేకప్ గదిని చూసుకునే మనిషికి వాటాలు ఇవ్వాలి. ప్రైవేటు గదిలో చేసే నృత్యానికి కస్టమర్ ఇచ్చేదాంట్లో క్లబ్బు కోత వేరే ఉంటుంది. వాన కురిసిన మంగళవారం నాడు బల్లలు ఖాళీగా ఉన్నా హౌస్ ఫీజు మాఫీ కాదు. ఎనిమిది గంటలు నిలబడి ఎదురు డబ్బు కట్టి ఇంటికి వెళ్లిన రాత్రులు ఈ పనిలో ఉన్న చాలామందికి అనుభవమే. అలాంటి రాత్రుల కథలు మాత్రం వైరల్ కావు.

ఊహించుకున్న అంకెలతోనే ఒక లెక్క వేద్దాం. సగటున రాత్రికి 600 డాలర్ల రాబడి అనుకుంటే, అందులో 100 హౌస్ ఫీజుకు, 60 వాటాలకు పోగా 440 మిగులుతాయి. వారానికి మూడు రాత్రుల చొప్పున 44 వారాలకు ఇది 58,080 డాలర్లు. దుస్తులు, మేకప్, ప్రయాణాలకు 5,000 తీసేయాలి. ఉద్యోగికైతే సోషల్ సెక్యూరిటీ (పింఛను), మెడికేర్ (వృద్ధుల వైద్య బీమా) పన్నుల్లో సగం యజమాని కడతాడు, స్వయం ఉపాధిలో ఉన్నవారు మొత్తం 15.3 శాతాన్ని తామే కట్టుకోవాలి. ఆ అదనపు భారం ఈ ఆదాయం మీద సుమారు 3,750 డాలర్లు. ఆరోగ్య బీమాకు ఇంకో 6,000 వేసుకుంటే చివరికి 43,330 డాలర్లు మిగులుతాయి. రాత్రికి ఎనిమిది గంటల చొప్పున గంటల్లోకి మారిస్తే 41 డాలర్లు, అంటే దాదాపు నర్సుకు వచ్చినంతే. ఏడాది మొత్తంగా చూస్తే మాత్రం నర్సు సంపాదనలో సగం.

ఈ రెండు ఫలితాలూ నిజమే, రెండింటినీ పక్కపక్కనే ఉంచుకోవాలి. గంటకు 41 డాలర్లు అనేది చదువు పూర్తికాని యువతికి, పసిబిడ్డతో ఒంటరిగా ఉన్న తల్లికి మరెక్కడా సులువుగా దొరకని రేటు. సమాఖ్య కనీస వేతనం 2009 నుంచి 7.25 డాలర్ల దగ్గరే ఉంది, టిప్పులు అందుకునే ఉద్యోగులకు యజమాని నేరుగా ఇవ్వాల్సిన కనీస మొత్తం 1991 నుంచి 2.13 డాలర్లే. ఆ నేపథ్యంలో ఈ పని ఎంచుకునే మహిళకు లెక్క తెలియదనుకోవడం మన అహంకారమే అవుతుంది. కానీ ఐదు రాత్రులు పనిచేస్తే ఆదాయం ఆ మేరకు పెరుగుతుందనుకోవడం కూడా పొరపాటే. డబ్బు శుక్ర, శనివారాల్లో ఉంటుంది, సోమవారం ఉండదు. పైగా ఎత్తు మడమల మీద మోకాళ్లు ఎన్నేళ్లు నిలుస్తాయన్నది మరో ప్రశ్న.

అమెరికాలోని తెలుగు ఐటీ కుటుంబాలకు ఈ తేడా కొత్తగా చెప్పనక్కర్లేదు. డబ్ల్యూ-2 (ఉద్యోగికి ఇచ్చే పన్ను పత్రం) మీద గంటకు ఇంత, 1099 (కాంట్రాక్టరుకు ఇచ్చే పన్ను పత్రం) మీద గంటకు ఇంత అని రెండు రేట్లు అడిగి, సెలవులు, ఇన్సూరెన్స్, పన్నులు లెక్కవేసుకున్నాకే ఆఫర్ ఒప్పుకోవడం వారికి అలవాటు. 1099 రేటును తెచ్చి ఇంకొకరి డబ్ల్యూ-2 జీతంతో నేరుగా పోల్చితే వారు నవ్వుతారు. అదే జాగ్రత్త డ్యాన్సర్ విషయానికి వచ్చేసరికి ఎందుకు మాయమవుతుందో ఆలోచించాలి.

పైగా ఐటీ కాంట్రాక్టరుకు తన రేటు తాను మాట్లాడుకునే వీలు కొంతైనా ఉంటుంది. న్యూయార్క్‌లోని రిక్స్ క్యాబరే అనే స్ట్రిప్ క్లబ్ మీద 2009లో డ్యాన్సర్లు వేసిన దావాలో బయటపడ్డ పరిస్థితి వేరు. ఒక్కో నృత్యానికి 20 డాలర్లని ధర పెట్టింది క్లబ్బు, ఎలా కనిపించాలో, ఎలా నడుచుకోవాలో నియమాలు రాసింది క్లబ్బు, తప్పితే జరిమానా వేసిందీ క్లబ్బే. ఇంత అదుపు ఉన్నప్పుడు వీరు స్వతంత్రులు కారు, ఉద్యోగులేనని 2013లో ఫెడరల్ న్యాయమూర్తి తేల్చారు. ఆ 20 డాలర్లనే వేతనం కింద జమకట్టుకోవాలని యాజమాన్యం వాదించినా, ఆ సొమ్మును క్లబ్బు తన ఆదాయంగా చూపనే లేదు కాబట్టి కోర్టు ఒప్పుకోలేదు. చివరికి 2015లో వ్యవహారం కోటీ 50 లక్షల డాలర్లకు రాజీ అయింది.

తీర్పు వచ్చినంత మాత్రాన జీతగాళ్లు కావడం అందరికీ కలిసిరాలేదు. 2018లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు డైనమెక్స్ అనే డెలివరీ కంపెనీ కేసులో స్వతంత్ర కాంట్రాక్టరు నిర్వచనాన్ని బిగించాక, అక్కడి క్లబ్బులు డ్యాన్సర్లను ఉద్యోగులుగా మార్చి, కనీస వేతనం చూపించి, నృత్యాల సొమ్ములో తమ వాటాను పెంచేశాయి. చేతికొచ్చేది తగ్గిందని వీధికెక్కిన డ్యాన్సర్లూ ఉన్నారు, అందులో తప్పుపట్టాల్సింది లేదు. ఉద్యోగి అనే హోదా వచ్చినా బేరమాడే బలం రాకపోతే జరిగేది ఇదే. దానికోసమే నార్త్ హాలీవుడ్‌లోని స్టార్ గార్డెన్ క్లబ్ డ్యాన్సర్లు 2023లో నటుల సంఘమైన యాక్టర్స్ ఈక్విటీలో చేరారు.

రాబడిని జీతంతో పోల్చేవారు కాగితాల విలువను కూడా మరిచిపోతారు. ఇంటి రుణం కావాలంటే స్వయం ఉపాధిలో ఉన్నవారిని బ్యాంకు సాధారణంగా రెండేళ్ల పన్ను రిటర్నులు అడుగుతుంది. నగదులో వచ్చి లెక్కల్లో చూపని డబ్బు అక్కడ పనికిరాదు, రేపటి సోషల్ సెక్యూరిటీ పింఛనుకూ జమ కాదు.

మన దేశంలో ఇదే చిక్కు తలకిందులుగా కనిపించింది. 2005లో ముంబయి డ్యాన్స్ బార్లను మూసివేయించిన మహారాష్ట్ర ప్రభుత్వం, కోర్టుల్లో ఓడిపోయాక 2016లో కొత్త చట్టం తెచ్చి, డ్యాన్సర్లను నెలజీతం మీదే పెట్టుకోవాలన్న షరతు విధించింది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు రాతపూర్వక ఒప్పందాన్ని నిలబెట్టింది కానీ నెలజీతం తప్పనిసరి అన్న షరతును ఒప్పుకోలేదు. టిప్పు ఇవ్వవచ్చు, నోట్లు వెదజల్లకూడదు అంది. అక్కడ జీతం పేరుతో ప్రభుత్వం వెతికింది రక్షణ కన్నా బార్లను తెరవనివ్వని మార్గమేనని నా అనుమానం.

ఇంతకన్నా సూటైన పద్ధతి వాషింగ్టన్ రాష్ట్రంలో కనిపిస్తుంది. అక్కడి స్ట్రిప్ క్లబ్బుల్లో మద్యం అమ్మకానికి వీలు లేకపోవడంతో యాజమాన్యాలు తమ ఆదాయాన్ని ప్రధానంగా డ్యాన్సర్ల ఫీజుల నుంచే రాబట్టుకునేవి, కట్టలేనివారికి అది పాత బాకీగా పేరుకునేది. 2024 మార్చిలో గవర్నర్ జే ఇన్‌స్లీ సంతకం చేసిన చట్టం మద్యం అమ్మకాలకు దారి తెరిచింది. ఎనిమిది గంటల షిఫ్టుకు క్లబ్బు వసూలు చేసే ఫీజు 150 డాలర్లు లేదా డ్యాన్సర్ రాబడిలో 30 శాతం, ఏది తక్కువైతే దాన్ని మించరాదనీ, బాకీని మరుసటి షిఫ్టుకు మోయించరాదనీ నిర్దేశించింది. ఆ చట్టం ప్రకారం ఖాళీగా గడిచిన మంగళవారం రాత్రికి డ్యాన్సర్ కట్టాల్సిన ఫీజు సున్నా.