ఒక్క ‘రన్’, వందల అర్థాలు: పక్కమాటను చదవడం నేర్పని ఆంగ్ల బోధన

ఆంగ్లంలో అన్నిటికన్నా ఎక్కువ అర్థాలున్న మాట ఏదని అడిగితే చాలాకాలం పాటు ‘సెట్’ అన్నదే జవాబుగా ఉండేది. 1989లో వెలువడిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ రెండో కూర్పులో ఆ మాటకు 430 అర్థాలు చూపారు, వివరణ దాదాపు 60 వేల పదాల దాకా సాగింది. మూడో కూర్పు కోసం సంపాదకులు ఒక్కో పదం కింది వివరణనూ తిరగరాస్తూ వచ్చిన కొద్దీ ఆ మొదటి స్థానం ముందుగా ‘మేక్’కు, తర్వాత ‘పుట్’కు, చివరికి 2011లో ‘రన్’కు దక్కింది. క్రియగానే ‘రన్’కు 645 అర్థాలు తేలాయి. ఆ ఒక్క మాటను విడదీసి అమర్చడానికి నిఘంటుకారుడు పీటర్ గిలివర్‌కు సుమారు తొమ్మిది నెలలు పట్టింది.

అప్పటినుంచి ఈ 645 అనే అంకె సామాజిక మాధ్యమాల్లో ఒక వింతగా తిరుగుతూనే ఉంది. ఆ మాటకు అన్ని అర్థాలు ఎలా వచ్చాయి, చదివేవారు వాటిని ఒకదాని నుంచి ఒకటి ఎలా వేరుచేసుకుంటున్నారు అన్న ప్రశ్నలు మాత్రం ఎవరూ అడగడం లేదు. తెలుగు మీదుగా ఆంగ్లంలోకి నడిచే లక్షల మంది పిల్లలకు కావలసింది ఆ ప్రశ్నలకు జవాబే.

పాత ఆంగ్లంలో దగ్గరి చుట్టరికం ఉన్న రెండు క్రియలు ఉండేవి. ఒకటి తనంత తాను సాగిపోవడాన్ని చెప్పేది. మనిషి పరుగుకూ, నీటి పారుదలకూ అదే మాట. రెండోది మరొకదాన్ని సాగేలా చేయడాన్ని, అంటే గుర్రాన్ని దౌడు తీయించడం వంటి పనిని చెప్పేది. కాలక్రమంలో ఆ రెండూ కలిసి ఒక్క ‘రన్’గా మిగిలాయి. జర్మన్ భాషలో నేటికీ పారడానికి ‘రిన్నెన్’, పరుగెత్తడానికి ‘రెన్నెన్’ అని వేర్వేరు మాటలున్నాయి. మన భాష కూడా ఈ తేడాను క్రియ రూపంలోనే భద్రంగా నిలుపుకుంది. నడుచు వేరు, నడుపు వేరు. పారు వేరు, పారించు వేరు. తిరుగు వేరు, తిప్పు వేరు. ఆంగ్లంలో మాత్రం బస్సు ‘రన్’ అవుతుంది, దాని యజమాని ఆ బస్సును ‘రన్’ చేస్తాడు, ఆ బస్సుల సంస్థను ఇంకొకరు ‘రన్’ చేస్తారు. క్రియ రూపం మారనప్పుడు ఎవరు, దేనిని, ఎటువైపు అన్న భారమంతా చుట్టూ ఉన్న మాటల మీద పడుతుంది. అర్థాలు అంతగా విస్తరించడానికి ఈ కలయిక ఒక పెద్ద కారణం. ఆ తర్వాత వచ్చిన రైళ్లు, మిల్లులు, మోటార్లు, కంప్యూటర్ ప్రోగ్రాములు అన్నీ అప్పటికే తెరిచి ఉన్న ఆ దారిలోనే వచ్చి చేరాయి.

ఇదే మాట మన వైపు నుంచి ఎలా కనిపిస్తుందో గమనించడం మరింత ఆసక్తికరం. ఆంగ్లంలో ‘రన్’ అయ్యే బస్సు తెలుగులో నడుస్తుంది, ఫ్యాను తిరుగుతుంది, సినిమా ఆడుతుంది, కాలువ పారుతుంది, జలుబు చేసిన ముక్కు కారుతుంది, నాసిరకం చీర ఉతికితే రంగు దిగుతుంది. రోడ్డు ఊరి మధ్యగా పోతుంది, పత్రిక కథనాన్ని వేస్తుంది, ఇంట్లో పంచదార అయిపోతుంది, పాత మిత్రుడు దారిలో ఎదురుపడతాడు. షుగరు వ్యాధి ఒక కుటుంబంలో వంశపారంపర్యంగా వస్తుంది. లారీ ఒక మనిషి మీదుగా ‘రన్’ అయిందని ఆంగ్లం అంటే, అతను లారీ కింద పడ్డాడని మనం అంటాం. కర్త స్థానంలోకి లారీకి బదులు మనిషే వచ్చేశాడు. ఎన్నికల్లో అభ్యర్థి అమెరికాలో ‘రన్’ అవుతాడు, బ్రిటన్‌లో ‘స్టాండ్’ అవుతాడు, మన దగ్గర నిలబడతాడు. ఇన్ని సందర్భాల్లో ఒక్కచోట కూడా పరుగు లేదు. నిఘంటువులో ‘రన్’ పక్కన మొట్టమొదట కనిపించే ‘పరుగెత్తు’ అన్న అర్థం తెలుగు పాఠకుడికి అక్కరకు వచ్చేది మనుషులూ జంతువులూ నిజంగా కాళ్లతో పరుగెత్తినప్పుడు, ఆపైన క్రికెట్‌లో. అక్కడ కూడా బంతి బౌండరీ దాటితే బ్యాటర్లు అడుగు కదపకపోయినా నాలుగు పరుగులు వస్తాయి.

పొరబడితే నష్టం జరిగే చోట్లు కూడా ఉన్నాయి. ఒకే విచారణలో ఒక వ్యక్తిపై రెండు నేరాలు రుజువై, ఒకదానికి ఐదేళ్లు, మరోదానికి ఏడేళ్లు శిక్ష పడిందనుకుందాం. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 31వ సెక్షన్‌లోనూ, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 25వ సెక్షన్‌లోనూ ఈ శిక్షలు ఎలా ‘రన్’ కావాలన్న ప్రస్తావన ఉంది. ఏకకాలంలో అయితే ఏడేళ్లు, ఒకదాని తర్వాత ఒకటి అయితే పన్నెండేళ్లు. శిక్షలు ఏకకాలంలో అమలవుతాయని మన పత్రికలు రాస్తున్న తీరు సరైనదే. ఇక్కడ గమనించవలసిందేమిటంటే, ఐదేళ్ల తేడాను నిర్ణయించినది క్రియ కాదు, దాని పక్కనున్న క్రియావిశేషణం.

దావాలు వేయడానికి గడువులు నిర్ణయించే 1963 నాటి లిమిటేషన్ చట్టం అనుబంధంలో మూడో గడి శీర్షిక కూడా ఇలాంటిదే. గడువు ఏ రోజు నుంచి ‘రన్’ కావడం మొదలవుతుందో ఆ గడి చెబుతుంది. అడిగినప్పుడు చెల్లించవలసిన సాధారణ ప్రామిసరీ నోటుకైతే నోటు రాసిన తేదీ నుంచి మూడేళ్లు. ఆ మూడేళ్లలో దావా వేయకుండా, అప్పు తీసుకున్నవారు మళ్లీ రాతపూర్వకంగా ఒప్పుకోవడమో కొంత చెల్లించడమో కూడా జరగకుండా ఉంటే నోటుకు కాలదోషం పట్టిందని మన పల్లెల్లో చదువురాని రైతు కూడా అంటాడు. ‘రన్’ అనే క్రియను అనువదించే ప్రయత్నమేదీ లేకుండానే, ఆ వాక్యం చెప్పదలచుకున్న సంగతిని తెలుగు ఇంత నిక్కచ్చిగా పట్టుకుంది. అనువాదకులు ఆదర్శంగా పెట్టుకోదగిన మాట అది.

బ్యాంకుల విషయంలో మనకు అంత చక్కటి మాట ఇంకా కుదరలేదు. 2023 మార్చి 9న అమెరికాలోని సిలికాన్ వ్యాలీ బ్యాంకు నుంచి ఒక్కరోజులోనే 4,200 కోట్ల డాలర్లు వెనక్కి తీసుకోవడానికి డిపాజిటర్లు ప్రయత్నించారు, మరునాడే నియంత్రణ సంస్థలు ఆ బ్యాంకును మూసివేశాయి. డిపాజిటర్లు భయంతో ఒక్కసారిగా సొమ్ము కోసం ఎగబడడాన్ని ఆంగ్లంలో బ్యాంకు మీద ‘రన్’ అంటారు. ఆ మాట పుట్టిన కాలంలో జనం నిజంగానే బ్యాంకు గుమ్మం దగ్గరికి ఉరుకులు పరుగుల మీద వచ్చేవారు. 2023లో చాలామంది కూర్చున్న చోటి నుంచి కదలకుండా ఫోన్లోనే పని ముగించారు. మాటలోంచి కాళ్లు పోయినా అర్థం నిలిచింది. దీన్ని తెలుగులో ‘బ్యాంకుపై పరుగు’ అని రాస్తే పాఠకుడికి బోధపడేది ఏమీ ఉండదు. ‘డిపాజిటర్ల ఎగబాటు’ అన్నా, ‘సొమ్ము కోసం ఎగబడ్డారు’ అని విడమరచి చెప్పినా విషయం అందుతుంది.

అంకె సంగతికి వస్తే, 645 అన్నది మాటలో పుట్టుకతో ఉన్న గుణం కాదు. నీరు పారడం, నెత్తురు పారడం ఒకే అర్థమా, రెండా? రైలు నడవడం, రైలు మార్గం నడవడం ఒకటేనా? ఇలాంటి చోట్ల ఒక సంపాదకుడు కలుపుతాడు, ఇంకొకడు విడదీస్తాడు. చారిత్రక నిఘంటువు ఏ వాడుక ఏ కాలంలో మొదలైందో చూపాలి కనుక ఎక్కువగా విడదీస్తుంది. చిన్న నిఘంటువులు ఇదే క్రియను చాలా తక్కువ అర్థాల్లో సర్దుతాయి. 1755లో తన నిఘంటువును ప్రచురించిన శామ్యూల్ జాన్సన్ ‘టేక్’ అనే ఒక్క క్రియకు 134 అర్థాలు ఇచ్చారు, అయినా తృప్తిపడలేదు. పీఠికలో ఆయన ‘రన్’, ‘సెట్’, ‘గో’, ‘టేక్’ వంటి క్రియలను పేరుపేరునా చెప్పి, ఇవి గంటగంటకూ తమ సంబంధాలు మార్చుకుంటాయని, తుపానులో ఊగే తోపు ఆకృతిని నీటిలో పడే నీడను చూసి గీయలేనట్టే వీటిని నిఘంటువులో కచ్చితంగా నిలపలేమని రాసుకున్నారు. రెండున్నర శతాబ్దాల తర్వాత కూడా నాకు ఆ మాట అక్షరసత్యంగానే తోస్తుంది.

ఇదేదో ఆంగ్లానికే ఉన్న జబ్బని అనుకోవడానికి వీల్లేదు. మన ‘పడు’ను చూడండి. వాన పడుతుంది, జీతం పడుతుంది, ఓటు పడుతుంది, శిక్ష పడుతుంది. భయపడతాం, కష్టపడతాం, ఇష్టపడతాం, అప్పుల్లోంచి బయటపడతాం. ఆ మందు నాకు పడదంటాం, అన్నదమ్ములకు పడదంటాం. ఈ వ్యాసంలోనే లారీ కింద మనిషీ, దారిలో మిత్రుడూ ఇదే క్రియతో వచ్చారు. తెలుగు నేర్చుకునే పరాయివాడికి ‘పడు అంటే కింద పడడం’ అని ఒక్క అర్థం రాసిచ్చి పంపితే అతని అవస్థ ఎలా ఉంటుందో ఊహించవచ్చు. జీతం పడిందా అని అడిగితే అతను నేల వైపు చూస్తాడు.

మన బడుల్లో ఆంగ్లం నేర్చుకునే పిల్లల చేత మనం చేయిస్తున్నది అదే. ఆంగ్ల పదాల నోటుపుస్తకంలో నిలువుగా గీత గీసి, ఎడమవైపు పదం, కుడివైపు అర్థం రాయిస్తారు. ‘రన్’ ఎదురుగా ‘పరుగెత్తు’ అని ఉంటుంది, దాన్ని అప్పజెప్పించుకుంటారు, పరీక్షలో మార్కు వేస్తారు. ఆ విద్యార్థికే తర్వాత ఒక వాక్యంలో దుకాణం ‘రన్’ చేసే స్త్రీ ఎదురైతే ఆమె దుకాణంలోంచి పరుగెత్తుతున్నదని రాస్తాడు. తప్పు అతనిదని కొట్టివేస్తాం. ఆ వాక్యంలో క్రియ వెంటనే ‘దుకాణం’ అన్న కర్మ ఉందని, కర్మ ఉన్నప్పుడు ‘నడుపు’ అనే అర్థం వచ్చే అవకాశమే ఎక్కువని అతనికి ఎవరూ చూపలేదు. పెద్దవాళ్లకు అచ్చువేసిన చాలా ద్విభాషా నిఘంటువులు కూడా ‘పరుగెత్తు, ప్రవహించు, నిర్వహించు, వ్యాపించు’ అని కామాలతో వరసపెట్టి ఊరుకుంటాయే తప్ప, ఏ మాట పక్కన ఏ అర్థం వస్తుందో చెప్పవు. సరైన మార్గం ఒక్క అర్థానికి బదులు ఇరవై అర్థాలు బట్టీ పట్టించడం అసలే కాదు. పిల్లవాడికి కావలసింది మూడు ప్రశ్నలు వేసుకునే అలవాటు: ఈ పని చేస్తున్నది ప్రాణా, నీరా, యంత్రమా? ఆ పని వేరొకదాని మీద జరుగుతోందా? క్రియ వెనక ‘అవుట్’, ‘ఇంటు’, ‘ఓవర్’ వంటి చిన్నమాట ఏదైనా ఉందా?

దీనికి కావలసిన సామగ్రి ఇప్పటికే పిల్లల సంచుల్లో ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి, తెలంగాణలో 2022-23 నుంచి ప్రభుత్వ పాఠశాలలకు ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఇస్తున్నారు. ఒక పేజీలో ఆంగ్లం, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో. వాటిని ఇప్పుడు ఎక్కువగా ఆంగ్లం అర్థం కాని పిల్లవాడు తెలుగు పేజీకి దాటుకోవడానికే వాడుతున్నారు. సామాన్యశాస్త్రమో సాంఘికశాస్త్రమో బోధించే ఉపాధ్యాయులు వారానికి ఒక పీరియడులో కొంతసేపు కేటాయించి, ఒక ఆంగ్ల క్రియను ఎంచుకుని, అది ఎడమ పేజీలో ఎన్నిచోట్ల ఉందో, కుడి పేజీలో ఒక్కోచోట ఏ తెలుగు క్రియగా మారిందో, అలా మారడానికి పక్కనున్న ఏ మాట కారణమో పిల్లల చేతనే వెతికించవచ్చు. తెలుగు వాక్యం ఎబ్బెట్టుగా ఉన్నచోట వాళ్లే పట్టుకుని సరిచేస్తారు, ఎందుకంటే తెలుగులో ఏది అంటారో ఏది అనరో వాళ్లకు బాగా తెలుసు. రెండు రాష్ట్రాల విద్యా పరిశోధన, శిక్షణ మండళ్లు ఈ పనిని ఉపాధ్యాయ శిక్షణలో చేర్చి, పాఠం చివర ఇచ్చే పదపట్టికల్లో ఒంటరి పదాల స్థానంలో రెండు మూడు మాటలు కలిసిన పదబంధాలను ముద్రించడం మొదలుపెట్టాలి.