మహారాజశ్రీ కెఫిర్ గింజల వారి సముఖానికి

నల్లకుంటలో రెండో అంతస్తు, వంటింటి గట్టు మీద, ఆవకాయ జాడీకి ఎడమపక్క గాజుసీసాలో వేంచేసి ఉన్న, పాలను పులియబెట్టి కెఫిర్ అనే పుల్లటి పానీయంగా మార్చే మహారాజశ్రీ కెఫిర్ గింజల వారికి, అదే ఇంటి యజమాని నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే చెయ్యి రావడం లేదు. మీరు కుశలంగానే ఉన్నారు. శనివారం తూకానికి 33 గ్రాములు తూగారు. కుశలం లేనిది నాకే. ఇందిరా పార్కులో పొద్దున నడిచే మా జట్టు ముందు పది రోజులుగా నేను చెప్పిన గొప్పలన్నీ, నిన్న మధ్యాహ్నం రెండున్నరకు మా వంటింట్లో చూసిన దృశ్యంతో గంగలో కలిశాయి. ఆ దృశ్యం సంగతి తర్వాత. ముందు పాత లెక్కలు తేల్చుకుందాం.

మార్చి మొదటి ఆదివారం మా నడక మిత్రుడు మిమ్మల్ని చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, అరచేతుల్లో తీర్థంలా అందించాడు. 60 గ్రాములు. నాకు పాలు పడవని అతనికి తెలుసు. గ్లాసుడు పాలు తాగితే గంటలో కడుపు డప్పు అవుతుంది. "పాలే ఎందుకు? బాదం, సోయా, కొబ్బరి, ఏ పాలలో వేసినా ఇవి పెరుగుతాయి. నెలకు రెట్టింపు అవుతాయి. పొట్టలో చెడ్డ క్రిమి అన్నది మిగలదు. దీని గురించి చెప్పినాయనకు నోబెల్ కూడా ఇచ్చారు" అన్నాడు. ఆ నోబెల్ 1908లో శాస్త్రవేత్త మెచ్నికోవ్‌కు వచ్చిన మాట నిజమే. అయితే అది రోగనిరోధక శక్తి మీద చేసిన పనికి. పులిసిన పాలను ఆయన మెచ్చుకోవడం వేరే ముచ్చట. ఆ రోజు నాకు ఇంత వివేకం లేదు. తీర్థం పుచ్చుకున్నట్టే పుచ్చుకున్నాను.

మీ మర్యాదల చిట్టా ఒకటి ఇచ్చాడు. లోహం తగలకూడదు. ఎండ తగలకూడదు. కుళాయి నీళ్ళతో కడగకూడదు. మూత బిగించకూడదు, గుడ్డ కట్టాలి. కొత్త అల్లుడికి కూడా మా ఇంట్లో ఇన్ని నియమాలు లేవు. చెంచా మొదలు బిందె దాకా స్టీలు తప్ప మరొకటి ఎరగని వంటింట్లో మీకోసం చెక్క గరిటె, నైలాన్ జల్లెడ ప్రత్యేకంగా కొన్నాను.

మిమ్మల్ని మూడు వాటాలు వేశాను, వాటాకు 20 గ్రాములు. సోయా పాల విషయంలో మీకు రావలసిన మార్కులు మీకు వేస్తాను: పులిశాయి, గడ్డకట్టాయి, చూడ్డానికి పెరుగులాగే ఉన్నాయి. వాసన మాత్రం పచ్చి చిక్కుడుకాయలు నలిపినట్టు. కొబ్బరి పాలు పైన కొవ్వు, కింద నీళ్ళుగా విడిపోయి భాగాలు పంచుకున్న అన్నదమ్ముల్లా ఉండిపోయాయి. అదే వాటాను కొబ్బరి నీళ్ళలోకి మారిస్తే మీలోని ఈస్ట్‌కు ఎక్కడలేని హుషారు వచ్చింది. వడకట్టి సోడా సీసాలో పోసి బిరడా బిగించడం నా తప్పే. అర్ధరాత్రి అది పేలితే మా ఆవిడ దొంగలు పడ్డారనుకుని వీధి దీపం వేసింది. ఆ గాజుముక్కలకు మిమ్మల్ని ఏమీ అనను.

నేను అనేది ఒక్కటే. పెరగలేదు.

ప్రతి శనివారం మిమ్మల్ని జల్లెడలో ఆరబెట్టి తూచాను. దగ్గరనుంచి చూస్తే మీరు ముచ్చటగానే ఉంటారు. ఉడికీ ఉడకని సగ్గుబియ్యం నాలుగైదు అతుక్కుని చిన్న గోబీపువ్వు అయినట్టు, వేలితో నొక్కితే జున్నుముక్కలా లోపలికి వెళ్ళి మళ్ళీ పైకి వస్తారు. మరీ జిగటగా ఉండి జల్లెడను వదలరు. చెక్క గరిటెతో ఒక్కొక్కరినీ బతిమాలి కింద పెడితే తూకం యంత్రం 20 అని చూపించేది. వారం తిరిగితే 20. ఇంకో వారానికి 19. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే అంటారు గాని, గొంగళి అయినా బరువు తగ్గదు కదా. బేగంబజారు నుంచి తెచ్చిన బాదంపప్పు రాత్రి నానబెట్టి, పొద్దున తొక్క తీసి, రుబ్బి, పల్చటి గుడ్డలో పిండి మీకు నైవేద్యం పెట్టాను. నా పిల్లలకు బాదం ఇంత శ్రద్ధగా తొక్క తీసి పెట్టిన గుర్తు లేదు.

అప్పుడు చదివాను. మీరు గింజలు కారు, మీ పేరే అబద్ధం. విత్తనమైతే మొలకెత్తాలి. మీరు బ్యాక్టీరియా, ఈస్ట్ కలిసి కట్టుకున్న కాలనీ. ఆ కాలనీకి గోడలు కెఫిరాన్ అనే జిగురు, మధ్యలో పాల మాంసకృత్తు కేసీన్. ఆ జిగురును లాక్టోబాసిల్లస్ కెఫిరానోఫేసియన్స్ అనే మీ మేస్త్రీ పాల చక్కెర నుంచి తయారుచేస్తాడు. ఆవు, గేదె పాలలో ఆ చక్కెర 100 మిల్లీలీటర్లకు దాదాపు 5 గ్రాములు ఉంటుంది. బాదం పాలలో అసలు ఉండదు, కేసీన్ కూడా ఉండదు. అంటే ఇటుకా లేదు, సున్నమూ లేదు. లోపలున్న జనం దొరికిన చక్కెర తిని, పులుపు కక్కుతూ రోజులు వెళ్ళదీస్తారు గాని ఇంటికి కొత్త గది వెయ్యలేరు. నీటి కెఫిర్ అని మీకు దూరపు బంధువులున్నారు. వాళ్ళు మామూలు చక్కెర నుంచే డెక్‌స్ట్రాన్ అనే జిగురు అల్లుకుని, చక్కెర నీళ్ళలోనే సంసారం పెంచుకుంటారు. నాకు కావలసింది వాళ్ళు. వచ్చింది మీరు.

దీనికి విరుగుడు ఏమిటంటే, వారానికొకసారి మిమ్మల్ని పాలలో వేసి సేద తీర్చాలట. ఈ ముక్క దగ్గర నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అయ్యా, నాకు పాలు పడవనే కదా మిమ్మల్ని తెచ్చుకున్నది! పాలు మానడానికి తెచ్చుకున్న వస్తువు కోసం పాలు కొనాలా? కల్లు మానడానికి తాటిచెట్టు నాటుకున్నట్టు ఉంది. నేను కొనను అన్నాను. ఎండితే ఎండండి అన్నాను. ఇక్కడినుంచి 'మీరు' అని రాస్తున్నది గౌరవం కొద్దీ కాదు; మీరు గుంపు కాబట్టి బహువచనం, అంతే.

పాలు లేకుండా పులియడం ఏదో దేవరహస్యమైనట్టు ఈ బెట్టు ఎందుకు? మినప్పప్పులో పాలు ఎవరు పోశారు? ఇడ్లీ పిండిని రాత్రికి రాత్రి గిన్నె అంచు దాకా పొంగించే ల్యూకోనాస్టాక్ అనే బ్యాక్టీరియా మీ గుంపులోనూ ఉంది. ఆమె మా ఇంట్లో తరతరాలుగా పనిచేస్తోంది. చెక్క గరిటె అడగలేదు, తూకం అడగలేదు. గంజిలో నానిన అన్నం ఎవరినీ అడక్కుండా తెల్లారేసరికి పులుస్తుంది. పెరుగు తోడుకు పక్కింటి తలుపు తడితే చెంచాడు ఇస్తారు, దానికి నియమాల చిట్టా ఇవ్వరు. మీరు కాకసస్ కొండల్లో పశువుల కాపరుల తోలుసంచుల్లో పుట్టి పెరిగారట. తోలుసంచిలో బతికినవారికి స్టీలు చెంచా తగిలితే ఏమవుతుంది?

ఇక మీ శౌర్యం. క్రిమి సంహారకులట! మూడో వారంలో, బాదం సీసా గుడ్డ విప్పితే మీ నెత్తిన ఆకుపచ్చ బూజు. సగం నిమ్మకాయంత మేర, మెత్తగా, పట్టుకుచ్చులా. పోలీసు ఠాణాలోనే దొంగతనం జరిగినట్టు. దీనికీ కారణం చదివాను. మీ ఆయుధాలు లాక్టిక్ ఆమ్లం, ఎసిటిక్ ఆమ్లం, కాస్త ఆల్కహాలు, బ్యాక్టీరియాలు ఒకదాన్నొకటి చంపుకోవడానికి వదిలే చిన్న చిన్న ప్రోటీన్లు. ఇవన్నీ తయారయ్యేది చక్కెర నుంచే. నేను పిండిన పల్చటి బాదం పాలలో ఆ చక్కెర నామమాత్రం. పులుపు త్వరగా ఎక్కకపోతే బూజుదే రాజ్యం. ప్రయోగశాలలో సూక్ష్మజీవులను పెంచే అగర్ జెల్లీ పళ్ళెంలో ఈ.కోలి, సాల్మొనెల్లా, స్టెఫిలోకాకస్ అనే రోగకారక బ్యాక్టీరియాను పరిచి, మధ్యలో గుంట చేసి మిమ్మల్ని పోస్తే చుట్టూ ఖాళీ వలయం ఏర్పడుతుందన్నది నిజం. ఆ వలయాన్ని నమ్ముకుని వీధి చివర బండి దగ్గర రెండు ప్లేట్ల పానీపూరీ తిన్నవాణ్ణి నేను. నా పొట్ట అగర్ పళ్ళెం కాదని మర్నాడు తెల్లవారుజామున మూడు గంటలకు తెలిసింది. ఆఫీసుకు రెండు రోజులు సెలవు.

బూజు పట్టిన వాటాను సీసాతో సహా పారేశాను. కొబ్బరి వాటాను బాదంలోకి మార్చాను. చివరి అవకాశం.

అప్పుడు మొదలైంది మీ మహిమ. మొదటి శనివారం 24 గ్రాములు. రెండో శనివారానికి 33! సీసాలోని బాదం పాలు కూడా కమ్మగా, కాస్త పుల్లగా. ఇందిరా పార్కులో నేను ఆగి మరీ ఉపన్యసించాను. పట్టుదల ఉండాలి, ఓపికగా బాదానికి అలవాటు చేయాలి, పుస్తకాల్లో రాసేవాళ్ళకు ఏం తెలుసు అన్నాను. ఇద్దరు చేతులు చాపి విత్తనం అడిగారు. ఇస్తానన్నాను.

నిన్న తలనొప్పి వచ్చి మధ్యాహ్నమే ఇంటికి వచ్చాను. గట్టు మీద సీసాలో బాదం పాలు ఉన్నాయి. మీరు లేరు. పొయ్యి పక్కన అమ్మ స్టీలు గిన్నెలో, చిక్కటి గేదె పాలలో, స్టీలు గరిటె నీడన మీరు జలకాలాడుతున్నారు.

"ఏమిటమ్మా ఇది?"

"అరవకురా. ఇంటికి వచ్చినవాటికి నువ్వు పెట్టేది బాదంపప్పు కడిగిన నీళ్ళు. బూజు పట్టేదాకా మాడ్చావు. చూడలేకపోయాను. నువ్వు ఆఫీసుకు వెళ్ళగానే పాలలో వేస్తున్నాను, సాయంత్రం కుళాయి కింద కడిగి నీ సీసాలో పడేస్తున్నాను."

"మరి బాదం పాలు పులుస్తున్నాయి కదా?"

"చెంబుడు మజ్జిగ కలిపితే పులవక చస్తాయా?"

తల పట్టుకుని, ఇన్నాళ్ళూ మీరు విడిచిన ఆ పాలు ఏమయ్యాయని అడిగాను. "మజ్జిగ పులుసు" అంది. "నిన్న కూడా రెండుసార్లు వడ్డించుకున్నావు."

వడ్డించుకున్నాను. ఉబ్బరం లేదు, గురగుర లేదు, పది రోజులుగా పొట్ట బుద్ధిమంతుడైన పిల్లాడిలా ఉంది. రాత్రి కూర్చుని మళ్ళీ చదివాను. పులిసేటప్పుడు పాల చక్కెరలో కొంత మీరే తినేస్తారు. మిగతాది అరిగించడానికి మీ బ్యాక్టీరియా సాయపడుతుంది. 2003లో అమెరికాలో పాలు పడని 15 మందికి ఇచ్చి చూస్తే, పాలతో పోలిస్తే కెఫిర్‌తో గ్యాసు బాధ సగానికి పైగా తగ్గిందట. బాదం తొక్కలు తీయకముందు ఈ కాగితం నా కంట పడకూడదా? నైలాన్ జల్లెడ కొనకముందు మీరైనా ఒక మాట చెప్పకూడదా? మీకు నోరు లేదు, సరే. అమ్మకు ఉంది కదా, ఆమె ఎందుకు చెప్పలేదంటే, నేను అడగలేదట.

విత్తనం అడిగిన ఆ ఇద్దరికి రేపు ఏం చెప్పాలో ఆలోచిస్తున్నాను. బాదం అని చెప్పను. అమ్మ అని కూడా చెప్పను.

ఇప్పుడు రాత్రి పదిన్నర. అరలీటరు పాకెట్టు నేనే తెచ్చాను. అల్మరా తలుపు చప్పుడు కాకుండా గాజుసీసా తీశాను. అమ్మ గదిలో దీపం ఆరి చాలాసేపయింది. మీ మీద పాలు పోస్తుంటే లోపలినుంచి గొంతు వినిపించింది.

"కాచి చల్లార్చావా?"

ఇట్లు,
మీ తూకందారు