మూగ మెట్లకు లక్షా నలభై వేలు

ఈ సాయంత్రం కృష్ణానగర్‌లో ఒక పెద్దమనిషి తన పాత యమహా డీఎక్స్-7 సింథసైజర్‌కు, అంటే మెట్లు (కీలు) నొక్కి వాయించే ఎలక్ట్రానిక్ వాద్యానికి, లక్షా నలభై వేలు చెప్పాడు. దాని తెర మీద అర్థం లేని అక్షరాలు పరుగెడుతున్నాయి, మూడు మెట్లు మూగబోయాయి, మిగిలినవి నొక్కితే తగరపు డబ్బా చప్పుడు వస్తోంది. లోపలి మూడు వోల్టుల బ్యాటరీ చచ్చిపోయిందనీ, దాన్ని మార్చి మిడీ (వాద్యాలను, కంప్యూటర్లను కలిపే తీగ పద్ధతి) ద్వారా శబ్దాలను మళ్ళీ ఎక్కించుకోవాలనీ చెబితే, "అన్నా, వింటేజ్ అంటే గట్లనే ఉంటది" అని నాకే పాఠం చెప్పాడు. బిళ్ళ బ్యాటరీ మార్చడానికి చేతులు రానివారికి ధర చెప్పడానికి మాత్రం నోరు బాగానే వస్తుంది.

1983లో వచ్చి లక్షకు పైగా అమ్ముడుపోయిన ఆ యంత్రం ఏ కోణంలో చూసినా అపురూపం కాదు. నిజంగా వాయించుకునేవాడికి చవకైన దారులున్నాయి: శబ్దాన్ని పుట్టించే భాగాలైన ఆపరేటర్లు ఆరింటికి బదులు నాలుగింటితోనే సరిపెట్టుకునే డీఎక్స్-21, డీఎక్స్-100 ఉన్నాయి, చిన్న మెట్లని జనం నవ్వే కాసియో సీజడ్-101 ఉంది, ఒకేసారి పలికే ఎనిమిది స్వరాలకూ ఒకే ఫిల్టర్ (శబ్దపు రంగును మలిచే భాగం) పెట్టి పిసినారితనం చూపినా, ఆ పిసినారితనంలోంచే తనదైన గొంతు తెచ్చుకున్న కోర్గ్ పాలీ-800 ఉంది. ఇవేవీ ఫొటోల్లో అందంగా కనబడవు కాబట్టి వీటి జోలికి ఎవరూ పోరు.

అందరికీ కావలసింది రోలాండ్ వారి జూనో-106 సింథసైజర్ ఒక్కటే. ఒకేసారి పలికే ఆరు స్వరాలకు, అంటే వాయిస్‌లకు, అందులో ఆరు చిప్‌లుంటాయనీ, వాటి మీది పూత పాడైతే వాయిస్‌లు ఒక్కొక్కటిగా పోతాయనీ, ఒకే మెట్టును ఆరుసార్లు వరుసగా నొక్కి చూస్తే చచ్చినది బయటపడుతుందనీ కొనేవారికి తెలియదు, అమ్మేవారు చెప్పరు. జపాన్ నుంచి తెప్పించిన వంద వోల్టుల యంత్రాన్ని మన రెండువందల ముప్ఫై వోల్టుల ప్లగ్గులో నేరుగా గుచ్చి, పొగ వచ్చాక "పాతది కదా" అని సర్దుకునే మహానుభావులూ ఉన్నారు.

నిజం చెప్పాలంటే నా కడుపుమంట ఈ అమ్మేవారి మీద కంటే, వీటిని అలంకారంగా నిలబెట్టుకునే గచ్చిబౌలి గోడల మీద ఎక్కువ. పెళ్ళిళ్ళలో, వినాయక మండపాల్లో ఏళ్ళ తరబడి చెమటోడ్చిన ఒక ఆర్కెస్ట్రా కళాకారుడి ఆల్ఫా జూనో-2 (ఇదీ రోలాండ్ సింథసైజరే) కోసం నేను వాయిదాల మీద బేరం కుదుర్చుకుంటుంటే, ఒక సాఫ్ట్‌వేర్ బాబు మొత్తం ఒకేసారి ఇచ్చి పట్టుకుపోయాడు. ఇప్పుడది అతని వీడియోలలో వెనక నీలి దీపం కింద నిలబడి ఉంటుంది, దాని మెట్టు మీద ఒక్క వేలు పడగా నేను చూడలేదు. పోయిన నెల ఆ బాబే నాకు మెసేజ్ పెట్టి, మిడీ కేబుల్ ఇన్‌లో పెట్టాలా అవుట్‌లో పెట్టాలా అని అడిగాడు. జవాబు ఇవ్వలేదు, ఇవ్వబోను కూడా.

మీ ఇంటి అటక మీద సీజడ్-101 గానీ పాలీ-800 గానీ దుమ్ము పట్టి ఉంటే, వాయించుకునే మనిషికి తగిన ధర చెప్పండి. రెండు మెట్లు పలకకపోయినా నేనే విప్పి బాగుచేసుకుంటాను.